అరికాళ్ళకు తెలిసిన దారి: విద్యార్థులు తీర్చిన వసారాలో మూడున్నరేళ్ళు

కడపలో అంధుల కోసం పనిచేసే ఒక సంస్థలో నేను బ్రెయిలీ నేర్పుతాను. నాకు పుట్టుకతోనే చూపు లేదు. ఇంటీరియర్ డిజైన్ చివరి సంవత్సరం చదువుతున్న ఐదుగురు విద్యార్థులు తమ ప్రాజెక్టు కింద మా కింది అంతస్తులోని వసారాను, రెండు తరగతి గదులను, భోజనశాలను, ఆఫీసు గదిని కొత్తగా తీర్చి ఇచ్చారు. అప్పటినుంచి మూడున్నరేళ్ళుగా పగలంతా అక్కడే తిరుగుతున్నాను కాబట్టి, ప్రారంభం రోజున నేను చెప్పిన మెచ్చుకోలు కంటే ఇప్పుడు రాస్తున్న ఈ మాటలే ఇలాంటి పనికి పూనుకొనేవాళ్ళకు ఎక్కువగా ఉపయోగపడతాయి.

అన్నింటిలోకీ బాగా కుదిరింది నేల. మొదట వాళ్ళు తెచ్చిన నమూనాలో రైల్వే ప్లాట్‌ఫారాల మీద ఉండే పసుపుపచ్చ పలకలున్నాయి. జపాన్‌లో సెయిచి మియాకె 1965లో రూపొందించగా, 1967లో ఒకాయామాలో అంధుల పాఠశాల దగ్గరి వీధిలో తొలిసారి పరచిన ఆ పలకల విలువ నాకు తెలుసు. నిలువు గట్లుంటే సాగమని, బొడిపెలుంటే ఆగమని అవి చెబుతాయి. అయితే అవి చెప్పులతో నడిచే వీధి కోసం పుట్టినవి. మేము గడప బయటే చెప్పులు విడిచి లోపలికి వస్తాం. "దాని మీద కాసేపు ఉత్త కాళ్ళతో నిలబడి చూడమ్మా" అని మా వంటామె అడిగితే, ఒక విద్యార్థిని నిలబడి చూసి, "నిజమే అక్కా, గుచ్చుకుంటోంది" అని ఒప్పుకుంది.

ఆ తరువాత వాళ్ళు చేసిన ఆలోచన నాకు ఇప్పటికీ ముచ్చటగా ఉంటుంది. వసారా అంతటా పాలిష్ పట్టిన లేతరంగు బేతంచెర్ల బండలు పరచి, నడుమ రెండడుగుల వెడల్పున పాలిష్ పట్టని నల్లటి కడప బండలను దారిగా వేశారు. గనిలో పొర విడినప్పుడు ఎలా ఉందో అలాగే వదిలేసిన ఆ రాయి అరికాలికి సన్నని అలల్లా తగులుతుంది గాని నొప్పించదు. తెల్లకర్ర కొన నునుపు బండ మీద చప్పుడు లేకుండా జారిపోతుంది, కడప బండ మీద గరగరలాడుతుంది. గది వాకిలి వచ్చిన ప్రతిచోటా ఆ గరుకు దారిలో ఒక్క నునుపు బండను అడ్డంగా వేశారు కాబట్టి, కాలు దాని మీద పడగానే తిరగవలసిన చోటు వచ్చిందని తెలిసిపోతుంది. కొత్తగా చేరిన పిల్లలు రెండు మూడు రోజుల్లోనే ఎవరి చేయీ పట్టుకోకుండా భోజనానికి వెళ్తున్నారు. కొద్దిపాటి చూపు మిగిలి ఉన్నవాళ్ళకు లేతరంగు మీద నల్ల దారి కంటికి ఆనుతుంది కూడా. భోజనశాల ముందు మాత్రం సాంబారు ఒలికితే గరుకులో ఇంకిపోయి, కొబ్బరి పీచుతో తోమవలసి వస్తోంది. తోమీ తోమీ అక్కడి రాయి కాస్త నునుపెక్కింది.

శబ్దం విషయంలో వాళ్ళ పని ఏడాదిలో ముప్పాతిక భాగం బాగుంది. తరగతి గదుల గోడలకు లోపల మందపాటి జనపనార పట్టాలు బిగించి, వసారా గోడలను ఖాళీగా వదిలేశారు. వసారాలో నా గొంతు గోడలకు తగిలి తిరిగి వస్తుంది, గదిలో అడుగు పెట్టగానే అణిగిపోతుంది. ఏ గది ముందున్నానో అడగకుండానే తెలుస్తుంది. మార్చి దాటితే ఇదంతా పోతుంది. వసారా రెండు చివర్లా కూలర్లు తిరగడం మొదలయ్యాక ఆ హోరులో గోడలు నాకు వినపడవు. విద్యార్థులు ఈ ఏర్పాటును పరీక్షించింది జనవరిలో. కడపలో ఒక భవనం పనికొస్తుందో లేదో చెప్పవలసింది మే నెల.

గాయపరచిన పొరపాటు ఒకటుంది. ఆఫీసు ముందు గోడకు నుదురు ఎత్తున పుస్తకాల అర బిగించారు, దాని కింద ఏమీ లేదు. చేతికర్ర నేలను తడుముతుంది గాని గాలిలో పొడుచుకొచ్చినదాన్ని పసిగట్టలేదు. మొదటి నెలలోనే నా కనుబొమ పగిలి రెండు కుట్లు పడ్డాయి. తరువాత మేమే దాని కింద ఇటుకలతో అరుగు కట్టించుకున్నాం. ఇప్పుడు కర్ర ముందుగా అరుగుకు తగులుతుంది.

బ్రెయిలీ పలకలను తలుపుల మధ్యన పెట్టారు. చదువుతుండగా లోపలివాళ్ళు తలుపు తీస్తే వేళ్ళకు దెబ్బ తగులుతుంది కాబట్టి, వాటి చోటు గొళ్ళెం వైపు గోడ మీద. పైగా బ్రెయిలీ చుక్క ఎత్తు దాదాపు అర మిల్లీమీటరే. రెండో ఏడు రంగులు వేసిన మనిషి పలకల మీద కూడా రెండు పూతలు వేసేసరికి, 'భోజనశాల' అన్న పదం నా వేలికి ఒట్టి చెక్కలా తగిలింది. పలకలను ఊడదీసి రంగు వేయాలని ఎవరూ రాసి ఇవ్వలేదు. గోడ వెంట పట్టుకొని నడిచే చేతిపట్టె గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. అది గట్టిగా ఉంది, ఎక్కడా తెగలేదు.

ఈ ఏడు పై అంతస్తులోని పడక గదుల కోసం కొత్త జట్టు వస్తామంది. గీతలు గీసేముందు మే నెలలో వారం రోజులు మాతో ఉండమని అడిగాను, ఒప్పుకున్నారు. వాళ్ళు వచ్చేసరికి రెండు కూలర్లూ తిప్పి ఉంచమని మావాళ్ళకు చెప్పాను.