ఎదిగే పిల్లల మోకాలి నొప్పికి ఫిజియోథెరపీ: సికింద్రాబాద్‌లో మాకు అందిన సేవ

సికింద్రాబాద్‌లో మేము మా అబ్బాయిని చూపిస్తున్న ఫిజియోథెరపీ కేంద్రం పెద్దదేమీ కాదు. చికిత్సకు రెండు బల్లలు, వెనుకవైపు ఒక వ్యాయామ గది, ఆటగాళ్ల గాయాలను ప్రత్యేకంగా చూసే ఒక సీనియర్ ఫిజియోథెరపిస్టు, ఆమె దగ్గర పనిచేసే మరికొందరు ఉన్నారు. బ్యాడ్మింటన్ ఆడే పదమూడేళ్ల కుర్రవాడు ఒక్కసారిగా పొడుగు సాగిన నెలల్లో మోకాలి చిప్పకు దిగువన బుడిపె తేలి, గెంతినప్పుడల్లా నొప్పితో విలవిలలాడితే, ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూసి ఆస్‌గుడ్-ష్లాటర్ వ్యాధి అని నిర్ధారించి ఇక్కడికి పంపారు.

1903లో బోస్టన్‌లో ఆస్‌గుడ్, జ్యూరిక్‌లో ష్లాటర్ అనే వైద్యులు విడివిడిగా వర్ణించిన సమస్య ఇది. తొడ ముందుభాగంలోని నాలుగు కండరాలూ మోకాలి చిప్ప మీదుగా వచ్చి, ఒకే టెండాన్‌గా, అంటే కండరాన్ని ఎముకకు కలిపే గట్టి పట్టీగా, కాలి ఎముక పైభాగంలో అతుక్కుంటాయి. ఎదిగే వయసులో ఆ అతుకు చోట ఎముక ఇంకా గట్టిపడకుండా మృదులాస్థిగా ఉంటుంది. గెంతడం, పరుగు మధ్యలో ఆగడం, షటిల్ కోసం లంజ్ వేయడం, అంటే ఒక కాలు బాగా ముందుకు వేసి మోకాలు వంచడం, వంటి ప్రతి కదలికా ఆ మెత్తని చోటునే లాగుతుంది. ఈ సంగతిని ఫిజియోథెరపిస్టు ఎముకల నమూనా చేతిలో పట్టుకుని నాకు కాకుండా నేరుగా మా వాడికే చెప్పడం నాకు నచ్చింది. ఆ తరువాత వ్యాయామం చేయమని వాడి వెంట పడవలసిన అవసరం నాకు చాలావరకు తప్పింది.

తొలి పరీక్షను ఎంత మెచ్చుకున్నా తక్కువే. నొప్పి మోకాలిలో అయినా ఆమె ముందుగా తుంటి కీలును తిప్పి చూశారు. ఈ వయసులో తుంటి దగ్గరి ఎదుగుదల పలక, అంటే ఎముక పెరిగే మెత్తని పొర, జారినప్పుడు కూడా నొప్పి మోకాలిలోనే తెలియవచ్చునని, దాన్ని గుర్తించకపోతే ప్రమాదమని వివరించారు. రాత్రి నిద్రలో నొప్పితో లేస్తున్నాడా, జ్వరం వచ్చిందా, కీలు వాచిందా, మధ్యలో పట్టేస్తోందా అని ఒక్కొక్కటిగా అడిగి, వీటిలో ఏది కనిపించినా తన దగ్గరికి కాకుండా డాక్టరు దగ్గరికే వెళ్లాలని చెప్పారు. అంతకు ముందు మేము వెళ్లిన మరొకచోట పరీక్ష అంటూ ఏమీ లేకుండానే నొప్పి తగ్గించడానికని అల్ట్రాసౌండ్ యంత్రం పెట్టి, సిట్టింగుల ప్యాకేజీ చేతికిచ్చారు. ఎదిగే ఎముకల చివర్ల మీద ఆ యంత్రాన్ని వాడేటప్పుడు జాగ్రత్త అవసరమన్న మాట అక్కడ ఎవరూ ఎత్తలేదు.

చేతులతో చేసే చికిత్స, అంటే మాన్యువల్ థెరపీ, ఇక్కడ బాగా చేస్తారు. బుడిపెను నొక్కకుండా తొడ ముందు కండరాన్నీ పిక్కనూ వేళ్లతో సడలించి, మోకాలి చిప్పను మెల్లగా పక్కలకు కదిలిస్తారు. బల్ల దిగేసరికి మా వాడికి కాలు తేలికపడేది, మెట్లు దిగడం సులువయ్యేది, కానీ ఆ ఉపశమనం ఒకటి రెండు రోజులకు మించి నిలిచేది కాదు. ఈ విషయాన్ని ఆమె ముందే చెప్పారు: నొప్పి తగ్గిన ఆ వ్యవధిలో వ్యాయామం చేయించడానికే తన చేతి పని ఉపయోగపడుతుందని, దానికి బదులు కాదని. ఈ నిజాయితీకి నేను చాలా విలువ ఇస్తాను, ఎందుకంటే మర్దనతోనే తగ్గిపోతుందని నమ్మించడం ఏ కేంద్రానికైనా లాభసాటి వ్యవహారమే.

అసలు చికిత్స వ్యాయామ గదిలోనూ మా ఇంట్లోనూ జరిగింది. మొదట కాలు కదల్చకుండా తొడ కండరాన్ని బిగబట్టడం, వెల్లకిలా పడుకుని నడుము పైకెత్తడం; తరువాత బడిలో శిక్షగా వేయించే గోడకుర్చీ; ఆపైన మెట్టు ఎక్కడం, గుంజీలు, లంజ్‌లు; అన్నిటికీ చివరన గెంతులు. సున్నా నుంచి పది వరకు కొలిస్తే నొప్పి రెండు దాటకూడదు, మరునాటి ఉదయానికి పెరగకూడదు అన్నది నియమం. ఆటను పూర్తిగా మాన్పించలేదు. వారంలో కోర్టు గంటలను తగ్గించి, స్మాష్‌లు, గెంతులు ఆపించి, నెట్ దగ్గరి ఆట మాత్రం ఉంచమని కోచ్‌కు స్వయంగా ఉత్తరం రాసిచ్చారు.

ఎంతకాలం పడుతుందన్న ప్రశ్నకు కూడా ఊరించే జవాబు ఇవ్వలేదు. డెన్మార్క్‌లో 10 నుంచి 14 ఏళ్ల పిల్లలు 51 మందికి ఇలాగే ఆట తగ్గించి, వ్యాయామాలతో 12 వారాలు చికిత్స చేస్తే 80 శాతం మంది మెరుగయ్యామన్నారని, అయినా అప్పటికి ఆటలోకి తిరిగి వెళ్లినవారు 16 శాతమేనని, ఏడాదికి అది 69 శాతానికి చేరిందని 2020లో ప్రచురితమైన అధ్యయనం చెబుతోంది. పోల్చి చూడడానికి చికిత్స పొందని బృందం అందులో లేదు కనుక, ఎదుగుదలతో దానంతటదే తగ్గిన భాగం ఎంతో విడదీయలేము. మోకాలికి శస్త్రచికిత్సలు చేయించుకుని 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టోర్నమెంటు గెలిచిన పుల్లెల గోపీచంద్ ఉదాహరణను మన ఊళ్లో తల్లిదండ్రులు తరచుగా తలుచుకుంటారు. ఆ పట్టుదల గొప్పదే. అయితే ఎదిగే ఎముక ఉన్న పిల్లవాణ్ణి నొప్పితో ఆడించడానికి దాన్ని ఆధారం చేసుకోవడం మాత్రం అన్యాయం.

లోపాలూ ఉన్నాయి. వ్యాయామాల కాగితం ఇంగ్లీషులోనే ఇస్తారు. మా ఇంట్లో సాయంత్రాలు పిల్లవాడి చేత చేయించేది వాళ్ల నాయనమ్మ కనుక, నేనే తెలుగులో రాసి గోడకు అంటించవలసి వచ్చింది. బడి వదిలాక రద్దీ ఎక్కువై, ఇచ్చిన సమయానికి లోపలికి పిలవడం అరుదు. సీనియర్ లేని రోజున లంజ్‌లో మోకాలు లోపలికి వాలుతున్నా సరిదిద్దినవారు లేరు. సిట్టింగు రుసుము తక్కువేమీ కాదు, కానీ ఇంట్లో చేయడం అలవాటయ్యాక రావడం తగ్గించుకోమని వారే చెప్పారు.

ఇప్పుడు మా వాడు పూర్తి ఆట ఆడుతున్నాడు. బుడిపె అలాగే ఉంది, మోకాళ్ల మీద కూర్చుంటే కొంచెం నొక్కుకుంటుంది. వచ్చే వారం టోర్నమెంటు ఉందని ఈలోగా నొప్పి పోగొట్టమని అడిగేవారికి ఈ కేంద్రం పనికిరాదు. కొన్ని నెలలు ఓపిక పట్టగలిగినవారు మాత్రం ఎక్స్‌రే, పిల్లల ఆట బూట్లు, వారంలో ఏ రోజు ఎన్ని గంటలు ఆడుతున్నారో రాసిన కాగితం తీసుకుని, తొలి పరీక్షకు ఉదయం పూట వెళ్లడం మంచిది. ఆ వేళలో సీనియర్ తప్పక ఉంటారు, తొందరపెట్టరు.