పాటల కన్నా వాద్య సంగీతమే: ఏళ్ల తరబడి విన్నాక

వాద్య సంగీతం వింటే ఏకాగ్రత కుదురుతుంది, టెన్షన్ తగ్గుతుంది లాంటివి అందరూ చెప్పేవే కాబట్టి వదిలేస్తున్నాను. ఇన్నేళ్లు పాటల కన్నా వాద్యాలే ఎక్కువగా విన్నాక నన్ను కట్టిపడేసింది ఒక్కటే. మాట లేకపోతే చెవి నాదం మీదికి పోతుంది.

పాటలో గొంతు వినిపించగానే మిగతావన్నీ వెనక్కి జరుగుతాయి. వెనకాల ఎంత గొప్ప వయొలిన్ ఉన్నా మన ధ్యాస అర్థం వెంటే నడుస్తుంది. వాద్య కచేరీలో ఆ అర్థం ఉండదు. మొదట్లో అది వెలితిగానే అనిపిస్తుంది. ఆ వెలితిని కొన్నాళ్లు ఓర్చుకోవాలి.

నాకు అది వీణతో తీరింది. వీణలో వాయించే తీగలు నాలుగు, పక్కన తాళానికి మూడు. ఈ మూడింటినీ చిటికెనవేలితో మీటుతారు. వీణ విద్వాంసులు ఈమని శంకరశాస్త్రి, చిట్టిబాబు రికార్డింగులు చాలాకాలంగా వింటున్నా నా చెవి ఆ నాలుగు తీగల దగ్గరే ఉండేది. ఒక రాత్రి హెడ్‌ఫోన్స్‌తో తానం (సాహిత్యం లేకుండా లయతో సాగే రాగ విస్తారం) వింటుంటే తాళం తీగలు విడిగా వినిపించాయి. పైన రాగం నడుస్తుంటే పక్కనుంచి సన్నగా, పట్టు వదలకుండా మరో చప్పుడు. ఒకే చేతి వేళ్లు రెండు పనులు చేస్తున్నాయి! ఆ ట్రాక్‌నే మళ్లీ మళ్లీ పెట్టుకున్నాను. ఇంకోటి కూడా అప్పుడే చెవిన పడింది. గొంతులా వీణ స్వరాన్ని నిలిపి ఉంచలేదు, మీటిన మరుక్షణం నుంచే నాదం తగ్గిపోతూ ఉంటుంది. అది ఆరిపోయేలోపు తీగను మెట్టు మీద పక్కకు లాగి, అదే మీటులో ఇంకో రెండు మూడు స్వరాలు పలికిస్తారు. ఆ కాస్త వ్యవధిలో స్వరాన్ని ఊపే, వంచే అంత గమకం! సాహిత్యం వింటూ ఉంటే ఇది నాకు ఎప్పటికీ అందేది కాదు.

అయితే మాట లేదు అన్నది పూర్తిగా నిజం కాదు. కర్ణాటక సంగీతంలో కచేరీల్లో వాయించే కృతులు ఎక్కువగా పాడటానికి కట్టినవే. వైణికులు సాహిత్యంలోని అక్షరాలను అనుసరించే మీటు వేస్తారు. చిన్నప్పుడు నేర్చుకున్న కృతి వీణ మీద వచ్చిందంటే నా నోట్లో మాటలు వాటంతటవే కదులుతాయి. చదువుతున్న పేజీ అక్కడే ఆగిపోతుంది. తెలిసిన సినిమా పాటల ఫ్లూట్ వెర్షన్లతో ఈ బాధ మరీ ఎక్కువ. లేని గొంతును మనసే పూరించుకుంటుంది, చివరికి అటు పాటా కాదు, ఇటు వాద్యమూ కాదు. అందుకే పని చేసుకునేటప్పుడు ఆలాపన, తానం, లేదంటే సితార్ మీద ఆలాప్, జోడ్, ఝాలా (హిందుస్థానీ సంగీతంలో రాగాన్ని మెల్లగా మొదలుపెట్టి వేగం పెంచుతూ పోయే భాగాలు) పెట్టుకుంటాను. వాటికి గుర్తుకొచ్చే చరణాలు ఉండవు.

సంగీతం చెప్పే భావాలు మాటలకు అందనంత అస్పష్టమైనవి కావు, మాటల కన్నా కచ్చితమైనవి అని జర్మన్ స్వరకర్త మెండెల్సన్ 1842లో ఒక ఉత్తరంలో రాశాడు. చాలా రోజులు నాకూ ఇదే సరైన మాట అనిపించింది. ఇప్పటికీ చాలావరకు అలాగే అనిపిస్తుంది. కానీ నాన్న పోయాక కొన్నాళ్లు వాద్యాలు వినలేకపోయాను. షెహనాయ్ అసలు వినబుద్ధి కాలేదు. ఆ దుఃఖానికి ఎవరైనా ఒక మాట అందిస్తే బాగుండనిపించి పాటల దగ్గరికే వెళ్లాను. అక్కడ దొరికింది కూడా.

నా పని రోజంతా అక్షరాలతోనే, ఇతరులు రాసినవి చదివి దిద్దడం. సాయంత్రానికి ఇంకో మాట వినే ఓపిక ఉండదు. కాబట్టి నా ఇష్టంలో సంగీతం పాలు ఎంతో, అలసట పాలు ఎంతో విడదీసి చెప్పలేను. రోజంతా యంత్రాల మధ్యో, ఒంటరిగానో పనిచేసేవారికి పాటలోని మనిషి గొంతే కావాల్సి రావచ్చు. ప్రయత్నిద్దాం అనుకుంటే మాత్రం తెలిసిన పాటలతో మొదలుపెట్టకండి. ఎప్పుడూ వినని రాగంలో ఒక తానం తీసుకుని, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, పక్కన ఇంకే పనీ పెట్టుకోకుండా వినండి.