విదేశీ సెమిస్టర్: మన కాలేజీ ద్వారా వెళ్లడం మేలా, నేరుగా చేరడం మేలా?

విదేశీ చదువుకు గుంటూరు, విజయవాడ విద్యార్థుల ముందు రెండు దారులున్నాయి: మన కాలేజీలో చేరి కొన్ని సెమిస్టర్లు విదేశంలో చదివే ట్విన్నింగ్ ఒకటి, నేరుగా అక్కడే సీటు తీసుకోవడం మరొకటి. ఫీజుల లెక్క బెంజిసర్కిల్ దగ్గర ఏ కన్సల్టెన్సీలో అడిగినా చెబుతారు. కులం, రంగు, వైకల్యం, ఆడపిల్ల కావడం వంటి కారణాలతో అన్యాయం జరిగితే ఎవరిని నిలదీయాలో మాత్రం తల్లిదండ్రులే పట్టుబట్టి అడగాలి.

నేరుగా చేరితే జవాబుదారీ ఒక్కటే సంస్థ. బ్రిటన్‌లో 2010 నాటి సమానత్వ చట్టం యూనివర్సిటీల్లో జాతి, మతం, లింగం, వైకల్యం వంటి కారణాలతో వివక్షను నిషేధించింది. మన పిల్లలకూ అది వర్తిస్తుంది. కోర్టుకు వెళ్లడానికి మామూలు గడువు ఆరు నెలలే కనుక ఆలస్యం పనికిరాదు. కులం ఆ చట్టంలో విడిగా లేదు. జాతి మూలం కిందికి రావచ్చునని 2014లో అక్కడి ఉద్యోగ అప్పీళ్ల ట్రిబ్యునల్ అభిప్రాయపడింది. అమెరికాలో 1964 పౌరహక్కుల చట్టంలోనూ కులం అన్న మాట లేదు, అయితే కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ 2022లో తన వివక్ష వ్యతిరేక విధానంలో కులాన్ని చేర్చుకుంది.

ట్విన్నింగ్ సంగతి ఇంత సూటిగా ఉండదు. యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) 2022 నిబంధనల ప్రకారం విదేశంలో సంపాదించే క్రెడిట్లు (చదివిన సబ్జెక్టులకు ఇచ్చే పాయింట్లు) 30 శాతం మించరాదు, డిగ్రీ ఇచ్చేది మన సంస్థే. అందువల్ల ఎవరు వెళ్లాలన్న ఎంపికలో మన కాలేజీకి పెద్ద పాత్ర ఉంటుంది, నా దృష్టిలో వివక్షకు తొలి తావు అదే. చూపు సరిగా లేని అబ్బాయిని "అక్కడ నెగ్గుకురాలేవు నాన్నా" అని జాలి మాటతో జాబితా నుంచి తప్పిస్తే, 2016 దివ్యాంగుల హక్కుల చట్టం కింద ఇక్కడే ప్రశ్నించవచ్చు. లైంగిక వేధింపులపై యూజీసీ 2015 నిబంధనలు క్యాంపస్ అనే మాటలో స్టడీ టూర్లు, ఇంటర్న్‌షిప్‌ల చోట్లను కూడా చేర్చాయి కనుక, విదేశంలో జరిగిన ఘటనపై మన కాలేజీ అంతర్గత కమిటీని ఆశ్రయించడానికి ఆధారం ఉంది.

అయినా స్వదేశీ చట్టం సరిహద్దు దాటుతుందని భరోసా పెట్టుకోలేము. 2001లో ఐర్లండ్‌లో చదవదలచిన ఒక అమెరికా యూనివర్సిటీ బధిర విద్యార్థి విషయంలో తమ వైకల్య చట్టాలు విదేశీ కార్యక్రమానికి వర్తించవని అమెరికా విద్యాశాఖ పౌరహక్కుల కార్యాలయం తేల్చింది. అయితే 2002లో ఒక అమెరికా యూనివర్సిటీ దక్షిణాఫ్రికా కార్యక్రమంలో వేధింపుల కేసులో తమ లింగ వివక్ష చట్టం వర్తిస్తుందని మిషిగన్‌లోని ఫెడరల్ కోర్టు చెప్పింది.

ఫిర్యాదు ఎవరు తీసుకుంటారు, దివ్యాంగులకు సహాయకుడి ఖర్చు ఎవరు భరిస్తారు అన్నవి రెండు సంస్థల ఒప్పందంలో రాసి ఉంటే ట్విన్నింగే మేలు, ఎందుకంటే ఊళ్లో ఉన్న అమ్మానాన్నలు వెళ్లి అడగడానికి ఒక తలుపు ఉంటుంది. ఒప్పంద ప్రతి చూపించడానికి కాలేజీ వెనకాడితే నేరుగా చేరడమే నయం.