బాస్ కోసం చేసిన ఎరల పెట్టె, కొర్రమీను కాలువల్లో

విజయవాడలో గాలపు సామాను అమ్మే ఒక దుకాణంలో, గుడ్లు పెట్టే కాలానికి ముందు లార్జ్‌మౌత్ బాస్‌ను పట్టడానికంటూ తయారు చేసిన ఎరల పెట్టె ఒకటి దొరుకుతోంది. ధర రెండు వేల రూపాయలకు కాస్త తక్కువ. అందులో జెర్క్‌బెయిట్లు (కుదిపి లాగే సన్నని చేప బొమ్మలు), లిప్‌లెస్ క్రాంక్‌బెయిట్ (మూతి దగ్గర పలక లేని, లాగితే వణికే చేప బొమ్మ), రబ్బరు కుచ్చులున్న జిగ్‌లు (తల బరువుగా ఉండే కొక్కేలు), బోలుగా ఉండే రబ్బరు కప్పలు, వాటితోపాటు ఎప్పుడు ఏ ఎర వేయాలో చెప్పే నాలుగు మడతల కాగితం ఉన్నాయి. బాస్ ఉత్తర అమెరికా మంచినీటి చేప. కృష్ణలో అది లేదు. కాబట్టి ఈ పెట్టెను మన కాలువల్లో, చెరువుల్లో కొర్రమీనుకు వాడితే ఎంతవరకు పనికివస్తుందన్నదే ఇక్కడ తేల్చవలసిన విషయం.

ముందుగా ఆ కాగితం సంగతి. బాస్ విషయంలో అది చెప్పినదంతా సరైనదే. చలికాలమంతా లోతులో మందకొడిగా ఉండే బాస్, వసంతంలో నీళ్లు 9, 10 డిగ్రీల సెల్సియస్ దాటేసరికి ఒడ్డువైపు కదలడం మొదలుపెడుతుంది. లోతుకూ గట్టుకూ మధ్య నీటిలోకి పొడుచుకువచ్చిన నేల కొమ్ముల దగ్గర, వాలుల దగ్గర ఆగి మేత మేస్తుంది. నీళ్లు 15 నుంచి 20 డిగ్రీల మధ్యకు వచ్చాక గూడు కడుతుంది. ఈ నడిమి కాలంలో ఎరను మెల్లగా లాగాలనీ, జెర్క్‌బెయిట్‌ను రెండు కుదుపులు కుదిపి కొన్ని క్షణాలు కదలనివ్వకుండా ఉంచాలనీ, మధ్యాహ్నం దాటాక ఎండ తగిలే ఉత్తరపు గట్లను వెతకాలనీ, చలిగాలి మళ్లీ వీస్తే చేప వెనక్కి లోతుకు పోతుందనీ కాగితం వివరిస్తుంది. గుడ్లతో బరువెక్కిన పెద్ద ఆడ చేపలు ఈ రోజుల్లో బాగా పడతాయన్న మాట కూడా నిజమే. అయితే ప్రపంచ రికార్డులో సమ ఉజ్జీలుగా నిలిచిన రెండు బాస్‌లలో, జార్జియాలో జార్జ్ పెర్రీ పట్టిన 22 పౌండ్ల 4 ఔన్సుల చేప 1932 జూన్ 2న, జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురిటా పట్టిన చేప 2009 జూలై 2న, అంటే రెండూ గుడ్ల కాలం దాటాకే పడ్డాయన్న సంగతిని పెట్టె మీద వేయకపోవడం అమ్మకందారు తెలివే.

ఈ లెక్క మనకు కుదరదు. చలికాలంలో కూడా మన కాలువ నీళ్లు 15 డిగ్రీలకు దిగవు గనుక, చేప వెచ్చదనం కోసం ఎదురుచూడవలసిన పని లేదు. కొర్రమీను ఎదురుచూసేది వానకు. నైరుతి వానలు పడి, కొత్తనీరు చేరి, గట్ల వెంట గడ్డి మునిగినప్పుడు అది జతకట్టి గుడ్లు పెడుతుంది. అందువల్ల బాస్ వేటగాడికి మార్చి ఎలాంటిదో మనకు మే నెలాఖరు, జూన్ మొదటి రోజులు అలాంటివి. వేసవిలో బందరు, ఏలూరు, రైవస్ కాలువలకూ, గుంటూరు వైపు కొమ్మమూరు కాలువకూ నీళ్లు ఆపేశాక గుంటల్లో మిగిలిన నీటిలో, ఊరి చెరువుల్లో చేప ఒకచోట గుమికూడి ఉంటుంది. మళ్లీ నీళ్లు వదిలేదాకా ఉదయం ఎండెక్కకముందు, సాయంత్రం పొద్దు వాలాక చేసే వేట మిగతా వేళల కంటే ఎంతో మేలు.

ఈ వేటకు పెట్టెలోని బోలు కప్ప అచ్చంగా సరిపోతుంది. బాస్ వేటలో దీన్ని నీళ్లు బాగా వేడెక్కి, కలుపు పైదాకా పెరిగాకే ఎక్కువగా వాడతారు. అంటే తయారీదారు దీన్ని ఈ పెట్టెలో కొసరుగా వేశాడన్నమాట. మనకు ఆ కొసరే అసలు. దాని రెండు కొక్కేలు పైకి తిరిగి వీపుకు ఆనుకుని ఉండడంవల్ల గుర్రపు డెక్క మీదుగా, తామరాకుల మీదుగా లాగినా ఎక్కడా తగులుకోదు. కొర్రమీను గాలి పీల్చడానికి పైకి వస్తుంది కనుక, నీటి మీద గుడుక్కుమన్న చప్పుడో సుడో కనిపించిన చోటికి కొంచెం అవతల కప్పను విసిరి, ఆకుల మీదుగా తెచ్చి, సందు వచ్చిన చోట ఆపాలి. చేప అందుకోగానే గుంజితే కప్ప ఖాళీగా ఎగిరివస్తుంది. గాలపు కర్ర కొన దించి, బరువు చేతికి తెలిశాక గట్టిగా లాగాలి. దీనికి బిరుసైన కర్ర, 40 నుంచి 50 పౌండ్ల బరువు తట్టుకునే బ్రెయిడ్ దారం (సన్నని పోగులు అల్లినది) ఉండాలి. జెర్క్‌బెయిట్ కోసం కాగితం సూచించిన సన్నని దారం డెక్కలో తెగిపోతుంది.

లోపాలు లేకపోలేదు. కొక్కేలు సన్నవి, ఒక మోస్తరు పెద్ద చేప డెక్కలోకి దూరితే వంగుతున్నాయి. కొర్రమీను పళ్లకు రబ్బరు త్వరగా చిరిగి, లోపలికి నీరు చేరి కప్ప మునగడం మొదలుపెడుతుంది. కప్పను నొక్కి లోపలి నీరు తీసి, చిరుగు మీద ఫెవిక్విక్ వేస్తే మరికొంత కాలం వస్తుంది. కాళ్ల కుచ్చు అనవసరంగా పొడవుగా ఉంది. కొంత కత్తిరిస్తే నడక బాగుపడుతుంది.

మిగిలినవాటి గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. మూడు కొనల కొక్కేలున్న జెర్క్‌బెయిట్లూ, క్రాంక్‌బెయిట్టూ కలుపున్న నీటిలో ప్రతి విసురుకూ నాచునే తెస్తాయి. హంసలదీవి వైపు ఉప్పునీటిలో పండుగప్పకు వెళ్లేవారికి మాత్రం అవి అక్కరకు వస్తాయి. జిగ్ కలుపు లేని లోతు గుంటల్లో పరవాలేదు.

కాగితంలో ఒక్క మాట కూడా లేని విషయం గుడ్లు పెట్టాక ఏం చేయాలన్నది. బాస్‌లో మగచేప అడుగున గూడు చదును చేసి కాపలా కాస్తుంది. కొర్రమీను గుడ్లు కలుపు మధ్య తేలుతాయి, తల్లీతండ్రీ రెండూ కాస్తాయి. ఎర్రటి పిల్లల గుంపు నీటి మీద కనిపించిన చోట కప్ప వేస్తే పెద్ద చేప కోపంతో తప్పకుండా కొడుతుంది. దాన్ని తీసేస్తే గుంపంతా ఇతర చేపల పాలవుతుంది కనుక అక్కడ ఎర వేయకపోవడమే మంచిది.

మొత్తం పెట్టెకు అంత డబ్బు పెట్టడం కాలువ వేటగాళ్లకు దండగ. అదే దుకాణంలో బోలు కప్పలు విడిగా కూడా దొరుకుతున్నాయి. మందమైన కొక్కేలున్నవి చూసి రెండు మూడు తీసుకుంటే, మిగిలిన సొమ్ముతో మంచి బ్రెయిడ్ దారం వస్తుంది.