కడప ఎండల్లో మూడేళ్ల వాడకం: ఛార్జర్ కంటే వేడే బ్యాటరీని తింది

మా ఇంట్లో ఒకే మోడల్ ఫోన్లు రెండున్నాయి, నాదొకటి, మా ఆవిడదొకటి. ఒకేసారి కొన్నాం. ఇద్దరం వాడేది డబ్బాలో వచ్చిన 67 వాట్ల ఫాస్ట్ ఛార్జరే. మూడేళ్లు దాటాక ఈమధ్య సెట్టింగ్స్‌లో బ్యాటరీ హెల్త్ (కొత్తప్పటితో పోలిస్తే బ్యాటరీ ఇప్పుడెంత ఛార్జ్ పట్టగలదో చెప్పే శాతం) చూస్తే తనది 90 శాతం దగ్గరుంది, నాది 80 కిందికి జారింది. ఫాస్ట్ ఛార్జింగ్ వల్లే బ్యాటరీలు పోతాయని చాలామంది అంటారు. అదొక్కటే కారణమైతే రెండింటి మధ్య ఇంత తేడా రాకూడదు.

తేడా అంతా ఎండది. నేను మెడికల్ రెప్‌ని. కడప నుంచి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు బండి మీదే తిరుగుతాను. హ్యాండిల్‌కి బిగించిన హోల్డర్‌లో ఫోను, అందులో మ్యాప్, దానికి బండి నుంచి ఛార్జింగ్ వైరు. మే నెలలో మధ్యాహ్నమైతే చాలు, బ్రైట్‌నెస్ దానంతటదే తగ్గిపోయేది. కాసేపటికి ఫోన్ వేడెక్కిందని మెసేజ్ వచ్చి ఛార్జింగ్ ఆగిపోయేది. చేతిలోకి తీసుకుంటే వెనక భాగం చుర్రుమనేది. మా ఆవిడ ఫోను ఆ టైముకి ఇంట్లో ఫ్యాను కింద ఉండేది.

లిథియం అయాన్ బ్యాటరీ వేడెక్కేకొద్దీ లోపలి రసాయనాలు త్వరగా పాడవుతాయి. ఛార్జ్‌ని మోయాల్సిన లిథియం కొంచెం కొంచెంగా లోపలే చిక్కుకుపోతుంది, అది మళ్లీ పనికి రాదు. ఐఫోన్‌ను 35 డిగ్రీలు దాటిన చోట వాడొద్దని ఆపిల్ చెబుతుంది. మనకు వేసవిలో 40 దాటడం మామూలే. పైగా బ్యాటరీ ఫుల్‌గా ఉన్నప్పుడు వేడెక్కితే నష్టం ఇంకా ఎక్కువ. అంటే పొద్దున్నే 100 శాతం నింపుకుని ఎండలోకి వెళ్లడమే దానికి అన్నిటికంటే పెద్ద శిక్ష.

అలాగని ఫాస్ట్ ఛార్జింగ్ వల్ల అసలు నష్టమే లేదని చెప్పను. కరెంటు ఎక్కువ పోతే వేడీ ఎక్కువే పుడుతుంది. కాకపోతే ఆ స్పీడు మొదట్లోనే, బ్యాటరీ నిండేకొద్దీ ఫోనే తగ్గించేస్తుంది. ఆ కాసేపు ఫోను చల్లగా ఉండేలా చూసుకుంటే చాలావరకు భయం లేదు. నేను పౌచ్ తీసేసి వంటింట్లో కడప బండ గట్టు మీద పెడతాను. నల్లబండ ఆ వేడిని ఇట్టే లాగేస్తుంది. దిండు మీదో పరుపు మీదో పెడితే వేడి బయటికి పోదు. ఛార్జింగ్‌లో ఉండగా వీడియో కాల్స్, గేమ్స్ అసలు వద్దు. కొందరు చల్లబడుతుందని ఫ్రిజ్‌లో పెడుతున్నారు, దయచేసి ఆ పని చేయకండి, లోపల తేమ పడుతుంది.

పోయిన వేసవి నుంచి హోల్డర్ మానేశాను. ఫోను బ్యాగులోనే, దారి తెలియకపోతే చెట్టు నీడన ఆగి చూసుకుంటాను. ఛార్జింగ్ 80 దగ్గర ఆగేలా సెట్టింగ్ పెట్టాను. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కాస్త టెన్షనే, కానీ అప్పటి నుంచి బ్యాటరీ హెల్త్ దాదాపు కదల్లేదు.

ఫోను మిగతా అన్నిటిలో బాగుంది, మార్చే ఆలోచన లేదు. వచ్చే ఎండలకు ముందు సర్వీస్ సెంటర్‌లో ఒరిజినల్ బ్యాటరీ వేయిస్తాను. మన జిల్లాల్లో కొత్తది కొనేవాళ్లు వాట్లు చూసే ముందు 80 శాతం లిమిట్ ఆప్షన్ ఉందో లేదో అడగండి.