టాప్ బాక్స్ కొనేవాళ్లూ, ఆగండి: 110 దాటగానే నా బండి తోక ఊపింది

బండికి మూడు పెట్టెలు (సీటు వెనకాల పైన ఒక టాప్ బాక్స్, పక్కల రెండు సైడ్ బాక్సులు) బిగించుకుని దూరప్రయాణానికి బయల్దేరేవాళ్ల కోసం రాస్తున్నా. మరీ ముఖ్యంగా, "ఈ క్యారియర్ మీద ఏనుగునైనా ఎక్కించుకోండి సార్" అనే అమ్మకందారు మాట నమ్మి కొనబోతున్నవాళ్ల కోసం. నేను నమ్మాను. పడలేదు గానీ, పడకపోవడంలో నా గొప్పేమీ లేదు.

హైవే మీద ఓ పెద్ద లారీని దాటి ముందుకొచ్చాను. స్పీడోమీటర్ 110 చూపిస్తోంది. లారీ చాటు నుంచి బయటపడగానే గాలి ఒక్క తోపు తోసింది. వెనక చక్రం మెత్తబడినట్టు అనిపిస్తే పంక్చరేమో అనుకున్నా. ఇంకో క్షణానికల్లా బండి మొత్తం పాములా మెలికలు తిరగడం మొదలుపెట్టింది. ట్యాంకు నా ఎడమ మోకాలికి ఒకసారి, కుడి మోకాలికి ఒకసారి కొడుతోంది. వెనక పెట్టెకి వేలాడుతున్న తాళంచెవి టక్, టక్ అని ప్లాస్టిక్‌కి తగలడం హెల్మెట్‌లోంచి వినపడింది. ఆ చప్పుడు ఇప్పటికీ గుర్తుంది. భయంతో హ్యాండిల్ బిగించి పట్టుకున్నాను, ఊపు ఇంకా పెరిగింది. థ్రాటిల్ మెల్లగా వదిలేసి ట్యాంకు మీదికి వంగాక, 85 దగ్గరికి వచ్చేసరికి దానంతటదే సర్దుకుంది.

పెట్టెలు అమ్మిన చోటికి వెళ్లి అడిగితే, "మా బాక్స్ వల్ల అలా అవదు సార్, మీ టైరు చూపించుకోండి" అన్నాడు. టైరు మధ్యలో అరిగి బల్లపరుపుగా అయిన మాట నిజమే. మార్పించాను. ఊపు 110 నుంచి 115కి జరిగింది, అంతే. ఇంకో చోట మెకానిక్ స్టీరింగ్ డ్యాంపర్ (హ్యాండిల్ వణుకుని అణిచే చిన్న షాకప్ లాంటిది) వేస్తే "బండి రాయిలా ఉంటుందన్నా" అన్నాడు. అదీ వేయించాను. ఈసారి 100 దగ్గరే తోక ఊపింది! డబ్బు పెట్టి రోగం పెంచుకోవడం అంటే ఇదే.

ఎందుకలా జరిగిందో తర్వాత చదువుకున్నాను. బండి ఊగడంలో రెండు రకాలున్నాయి, వాటిని విడదీసి చూడకపోతే మెకానిక్ ఏది చెబితే అదే వైద్యం అవుతుంది. ఒకటి వాబుల్: హ్యాండిల్ మాత్రమే టకటకా వణుకుతుంది, సెకనుకు ఆరు నుంచి తొమ్మిది సార్ల దాకా, లెక్కపెట్టలేనంత వేగంగా. ఇది ఎక్కువగా 60, 80 మధ్య, థ్రాటిల్ వదిలి బండి నెమ్మదిస్తున్నప్పుడు కనపడుతుంది. రెండోది వీవ్: హ్యాండిల్‌తో పాటు బండి మొత్తం అటూ ఇటూ ఒరుగుతూ తోక ఊపుతుంది, సెకనుకు రెండు మూడు సార్లే, వేగం పెరిగేకొద్దీ ముదురుతుంది. ఈ రెంటినీ లెక్కగట్టి విడివిడిగా చూపించింది రాబిన్ షార్ప్ అనే బ్రిటిష్ ఇంజనీర్, 1971లో రాసిన పరిశోధనా పత్రంలో. స్టీరింగ్ డ్యాంపర్ మొదటిదాన్ని అణుస్తుంది. రెండోదాన్ని ఎక్కువ వేగంలో ఇంకా చెడగొట్టగలదు. నాది రెండోది, నేను వేయించింది మొదటిదానికి మందు.

దాంతో మెకానిక్‌లని పక్కనపెట్టి, టేపూ, సామాను తూచే కొక్కెం త్రాసూ తెచ్చుకుని ఇంట్లోనే కూర్చున్నాను. టాప్ బాక్స్ లోపలి రబ్బరు పరుపు ఎత్తితే దాని కింద చిన్న స్టిక్కర్ ఉంది: లోపల 5 కేజీలు, వేగం 120కి మించవద్దు. కొన్న రోజు నుంచీ అది నా సామాను కిందే ఉంది. నేను పెట్టింది 8 కేజీలు. పెట్టె, దాని ప్లేటు కలిపి ఇంకో 4. వెరసి 12.

అసలు విషయం బరువులో కంటే దూరంలో ఉంది. పెట్టె మధ్య భాగం వెనక ఇరుసుకి 35 సెంటీమీటర్లు అవతల ఉంది. నా బండి ఇరుసుల మధ్య దూరం దాదాపు 140. తూనిక కర్రలా లెక్క వేస్తే, వెనక చక్రం మీద 12 కాదు, 15 కేజీలు పడతాయి. ఆ అదనపు 3 కేజీలు ముందు చక్రం నుంచి ఎత్తివేసినవి. అదొక్కటే అయితే సర్దుకుపోవచ్చు. బండి పక్కకి తిరగబోయినప్పుడు ఆ పెట్టె పట్టి లాగే బలం మాత్రం దూరంతో కాదు, దూరం వర్గంతో పెరుగుతుంది. బండి గురుత్వకేంద్రానికి అర మీటరు దూరంలో పెట్టిన 12 కేజీలకీ, మీటరు దాటి వేలాడదీసిన 12 కేజీలకీ తేడా నాలుగింతల పైనే. లోలకం గుండు తాడు చివరికి జరిపినట్టు. పైగా ఎత్తుగా, వెడల్పుగా ఉన్న పెట్టె గాలికి తెరచాపలా పనిచేస్తుంది. లారీ దాటగానే మొదలవడానికి కారణం అదే.

క్యారియర్ ప్లేటుకి రెండు వరసల రంధ్రాలున్నాయి. వెనక కూర్చునేవాళ్లకి చోటు బాగుంటుందని వెనక వరసలో బిగించారు. ముందు వరస 9 సెంటీమీటర్లు ముందుంది, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఆ వెనక సీటులో ఈ ఏడాదిలో ఎవరన్నా కూర్చున్నారా అంటే, లేదు.

తర్వాత బండినీ చూశాను. ముందు చక్రం లేపి హ్యాండిల్ అటూ ఇటూ తిప్పితే సరిగ్గా మధ్యలో చిన్న గాడిలో పడ్డట్టు ఆగుతోంది. కోన్ సెట్, అంటే హ్యాండిల్ తిరిగే బేరింగులు, పోయిందన్నమాట. ఫోర్కుల కింది భాగం పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగి చూడండి, టక్ మంటే అది వదులైనట్టు. వెనక చక్రాన్ని పైనా కిందా పట్టుకుని పక్కలకి ఊపండి, వదులు ఉంటే చక్రం బేరింగో, స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చేయి) బుష్షో పోయినట్టు. చైన్ బిగించే గుర్తులు రెండువైపులా ఒకేలా ఉన్నా చక్రం వంకర ఉండొచ్చు, రెండు చక్రాల పక్కన పొడవాటి దారం లాగి చూడటమే నమ్మకం. టైర్లలో గాలి సంగతి వేరే చెప్పక్కర్లేదనుకుంటారు, కానీ సామానుతో వెళ్లేటప్పటి గాలి లెక్క వేరే ఉంటుంది. మాన్యువల్‌లో చూసుకుని, టైరు చల్లగా ఉన్నప్పుడే కొట్టించాలి. నాకు వెనక టైరులో 5 పీఎస్‌ఐ తక్కువుంది.

వెనక షాకప్ ప్రీలోడ్, అంటే స్ప్రింగు ముందస్తు బిగింపు, షోరూం నుంచి వచ్చినట్టే ఉంది. బరువుకి వెనక కుంగితే ముందు లేస్తుంది, స్టీరింగ్ కోణం మారుతుంది, ముందు టైరు పట్టు పలచబడుతుంది. రాత్రిపూట ఎదురొచ్చేవాళ్లు ఊరికే లైట్లు కొడుతున్నారంటే మీ హెడ్‌లైట్ ఆకాశం చూస్తోందని అర్థం. నాకు నెలరోజులుగా కొడుతూనే ఉన్నారు, నేనేమో వాళ్లని తిట్టుకుంటున్నాను.

వీటన్నిటినీ ఒకేసారి మార్చలేదు. కోన్ సెట్, గాలి, ప్రీలోడ్ భద్రత విషయాలు కాబట్టి ముందు వాటిని సరిచేసి, డ్యాంపర్ ఊడదీశాను. పెట్టెలన్నీ తీసేస్తే బండి నిటారుగా పోయింది. సైడ్ బాక్సులు మాత్రం పెట్టినా బాగానే ఉంది, ఎడమది కుడిదాని కంటే 4 కేజీలు బరువుంటే దాన్ని సమానం చేశాక ఇంకా బాగుంది. ఖాళీ టాప్ బాక్స్ పాత స్థానంలో పెడితే 110 దగ్గర తోక లీలగా కదిలింది. ఖాళీ పెట్టెకే! ముందు వరస రంధ్రాల్లోకి జరిపి, లోపల 3 కేజీలు, అదీ రెయిన్ కోటూ దుప్పటిలాంటివే పెడితే, కదలిక లేదు. పనిముట్లూ తాళం గొలుసూ సైడ్ బాక్సుల అడుగుకి వెళ్లాయి. ఈ పరీక్షలు చేసేవాళ్లు ఖాళీ రోడ్డు మీద, గాలి లేని పొద్దున, ఐదేసి కిలోమీటర్లు పెంచుతూ వెళ్లండి. మొదటి కదలిక తెలియగానే ఆపేయండి, అది ఎంత పెద్దదవుతుందో చూడాలన్న సరదా వద్దు.

కొనేవాళ్లు లీటర్లు అడుగుతారు. నేనూ అదే అడిగాను: 52 లీటర్లా, 46 లీటర్లా అని. అడగాల్సింది వేరే. పెట్టె మధ్య భాగం ఇరుసుకి ఎంత వెనక పడుతుంది? క్యారియర్‌కి ఎన్ని కేజీలు, పెట్టెకి ఎన్ని కేజీలు, బండి మాన్యువల్ వెనక క్యారియర్‌కి ఎంత ఇచ్చింది? ఈ మూడింట్లో చిన్న అంకె ఏదో అదే మీ హద్దు. నాకు అమ్మినవాడు క్యారియర్ అంకె 10 మాత్రం చెప్పాడు, పెట్టె అంకె 5 చెప్పలేదు. వేగం హద్దు గురించి అడిగితే నవ్వాడు. ప్లేటు ముందుకీ వెనక్కీ జరిగేది కాకపోతే కొనకండి. డ్యాంపర్ అమ్మజూపితే, వణికేది హ్యాండిలా, తోకా అని ముందు వాళ్లనే అడగండి.

దారిలో ఊపు మొదలైపోతే బ్రేకు గట్టిగా నొక్కొద్దు, వేగం పెంచి దాటేద్దామనీ చూడొద్దు. చేతులు వదులుగా, మోకాళ్లతో ట్యాంకు నొక్కి, ఛాతీ కిందికి దించి, థ్రాటిల్ మెల్లగా వదలండి. హ్యాండిల్ బిగించి పట్టుకోవాలని ఒళ్లంతా అరుస్తుంది, నాకు తెలుసు.

బాక్స్ వెనక్కి తీసుకోమన్నాను. బిగించిన సరుకు తీసుకోరట. డ్యాంపర్ మాత్రం అట్టపెట్టెలో ఉంది, ఎవరో కొంటామన్నారు. వాళ్ల బండికి టాప్ బాక్స్ ఉందా అని అడిగాను, ఇంకా జవాబు రాలేదు.