పిల్లలతో సేవకు వెళ్లాలంటే: ఆశ్రమమా, చెరువు గట్టా, హాస్టలా? ఏది మేలు?

ఇంట్లో ఒకరు నాలుగో తరగతి, ఒకరు తొమ్మిదో తరగతి. ఆదివారం నలుగురూ కలిసి ఏదైనా పనికొచ్చే పని చేద్దామనుకుంటే, వరంగల్, హనుమకొండల్లో చాలామందికి ముందు తోచేది పుట్టినరోజుకు అనాథాశ్రమంలో భోజనం పెట్టించడం. దాని సంగతే మొదట తేల్చేద్దాం.

భోజనానికి డబ్బు కట్టడం మంచిదే, ఆశ్రమాలకు అది అవసరం కూడా. కానీ అక్కడ మన పిల్లలు చేసే పని దాదాపు ఏమీ ఉండదు. బగారా అన్నం వంటవాళ్లు వండుతారు, మనవాడు కేక్ కోస్తాడు, అక్కడి పిల్లలు వరుసగా నిలబడి చప్పట్లు కొడతారు. తమ ఈడు పిల్లాడు కొత్తబట్టలేసుకొచ్చి పెడుతుంటే ప్లేటు చాపడం వాళ్లకెలా ఉంటుందో ఎవరూ అడగరు. ఆ ఫొటో స్టేటస్‌లో పెట్టారా, అదో చిక్కు. సంరక్షణలో ఉన్న పిల్లల ఫొటోలు, వివరాలు బయటపెట్టకూడదని 2015 నాటి బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ చెబుతోంది. తప్పితే ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. నన్నడిగితే డబ్బు పంపేసి ఊరుకోవడమే నయం. వృద్ధాశ్రమమైతే కాస్త మెరుగు. పచ్చీసు ఆడే తాతలు, కబుర్లు చెప్పే అమ్మమ్మలు ఉంటారు, పిల్లలకూ చేతినిండా పని. కాకపోతే ఒకసారి వెళ్లి మాయమైతే పెద్దవాళ్లే బాధపడతారు, "ఆ పిల్ల మళ్లీ రాలేదేం" అని.

ఇక చెరువు గట్టు. భద్రకాళి, వడ్డేపల్లి చెరువుల దగ్గర ఎప్పుడూ పని ఉంటుంది. సద్దుల బతుకమ్మ తెల్లారి పద్మాక్షి గుండం దగ్గరైతే చెప్పనక్కర్లేదు. గునుగు, తంగేడు, బంతి ఎలాగూ మట్టిలో కలిసిపోతాయి. కలవనివి కవర్లు, థర్మాకోల్ ప్లేట్లు, అగరుబత్తి డబ్బాలు. చిన్నోడికి ఒక సంచి, పెద్దదానికి ఒక సంచి ఇస్తే గంటలో ఫలితం కళ్ల ముందే కనబడుతుంది. ఈ పనికున్న గొప్ప అదే.

జాగ్రత్తలు మాత్రం తల్లిదండ్రులవే. గట్టు మీద బీరు సీసా పెంకులు ఖాయం. గుడ్డ గ్లవుజులు పనికిరావు, మందపాటి రబ్బరువి కావాలి, కాళ్లకు బూట్లు ఉండాల్సిందే. ఒంటి మీద కోతలు, పుండ్లు ఉంటే మురికినీళ్లు తగలనివ్వొద్దు, ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల వల్ల లెప్టోస్పైరోసిస్ రావచ్చు. అసలు పిల్లల్ని నీళ్లలోకే దిగనివ్వకండి. ఇంకొకటి: ముందురోజే కార్పొరేషన్ శానిటరీ జవానుకు చెప్పి పెట్టుకోవాలి. లేకపోతే మనం నింపిన సంచులు గట్టు మీదే ఉండిపోతాయి, రాత్రికి కుక్కలు చింపేస్తాయి. వచ్చే ఆదివారం చూస్తే మళ్లీ అదే చెత్త, "మనమెందుకు తీశాం డాడీ" అని పిల్లాడి ప్రశ్న. దసరా తర్వాత మొదలుపెట్టి ఉగాదికి ఆపేయడం మంచిది, ఆ తర్వాత మన ఎండలు తెలిసినవేగా.

నా ఓటు మాత్రం సర్కారు హాస్టల్‌కే. ప్రీమెట్రిక్ సంక్షేమ హాస్టళ్లలో మూడో తరగతి నుంచి పది దాకా పిల్లలుంటారు, కాబట్టి మన ఇద్దరికీ ఈడువాళ్లు దొరుకుతారు. పైగా ఆదివారం వాళ్లు అక్కడే ఉంటారు. పొద్దున బట్టలుతుక్కునే వేళ కాకుండా పదిన్నర తర్వాత వెళ్తే కుదురుగా కూర్చుంటారు. చిన్నోడు కథల పుస్తకం తీసుకెళ్లి పక్కవాడితో వంతులవారీగా చదవాలి. పెద్దది ఆరో తరగతి పిల్లలకు భిన్నాలు చెప్పొచ్చు. ఎక్కాల పోటీ పెడితే మనవాడు ఓడిపోవచ్చు కూడా, ఓడిపోనివ్వండి. ఆశ్రమంలో కేక్ కోసినప్పుడు ఎటూ రాని సమానత్వం ఇక్కడ ఆ ఓటమితో వస్తుంది.

వార్డెన్ అనుమతి లేకుండా గేటు దాటొద్దు. ఆడపిల్లల హాస్టలైతే తల్లీకూతుళ్లే వెళ్లాలి. స్వీట్లు, ఫోన్లు, సెల్ఫీలు వద్దు. నెలకు రెండుసార్లు వెళ్లలేమనుకుంటే మొదలే పెట్టకండి. పుస్తకం చేతికందించడం హనుమకొండకు కొత్తేం కాదు, రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం నిజాం కాలంలో 1904లోనే ఇక్కడ వెలిసింది.

మేడారం జాతరలో వాలంటీరుగా పంపమని పిల్లలు అడగొచ్చు. రెండేళ్లకోసారి మాఘమాసంలో వచ్చే ఆ జనంలో పదేళ్లవాణ్ణి పట్టుకుని సేవ చేయలేం, వాణ్ణి చూసుకోవడమే ఒక సేవ అవుతుంది. స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో ఉన్న పెద్ద పిల్లలైతే వాళ్ల దళంతో వెళ్లనివ్వండి. రక్తదానం సంగతి పద్దెనిమిదేళ్లు నిండాకే.

తొమ్మిదో తరగతి పిల్లకు మాత్రం వీటన్నిటికంటే సరిపోయేది ఇంకోటుంది: చూపులేని విద్యార్థి పరీక్షకు స్క్రైబ్‌గా, అంటే ఆ విద్యార్థి చెబుతుంటే విని రాసిపెట్టేవారిగా వెళ్లడం. అభ్యర్థి తనే స్క్రైబ్‌ను తెచ్చుకుంటే, ఆ స్క్రైబ్ ఒక మెట్టు కింద చదివేవారై ఉండాలని 2018 కేంద్ర మార్గదర్శకాలు చెప్పాయి. అంటే ఆ లెక్కన పదో తరగతికి తొమ్మిది చదివే పిల్లలే సరి. 2025లో కొత్త మార్గదర్శకాలు వచ్చాయి కాబట్టి ఇప్పుడు ఏ తరగతివాళ్లు రాయొచ్చో ముందే కనుక్కోండి. గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఉంటుంది కాబట్టి మూడు గంటల పేపరు నాలుగు గంటలవుతుంది. అంతసేపు కూర్చునే ఓపిక ఉందో లేదో ముందే చూసుకోండి. జవాబు తనకు తెలిసినా ఎదుటివాళ్లు చెప్పిందే రాయాలి, తప్పు చెప్పినా దిద్దకూడదు. తెలివైన పిల్లలకు అదే పెద్ద టెన్షన్. చుట్టుపక్కల అంధ విద్యార్థులు చదివే బడి ఉంటే హెచ్ఎంను జనవరిలోనే కలవండి. పాత ప్రశ్నపత్రం పెట్టుకుని ఇద్దరూ సాధన చేయాలి, ముఖ్యంగా లెక్కల పేపరుకు. "రూట్ ఎక్స్ ప్లస్ వై" అని చెబితే వై రూట్ లోపలా బయటా అన్నది ఇద్దరూ ముందే ఒక మాట అనుకోకపోతే పరీక్ష హాల్లో తేలదు.